చదివింపుల పుస్తకం

సుధన్వని స్టేషన్ మెట్ల మీద చూపించారు టీవీలో.
మొహానికి ముసుగు వద్దన్నాడట.
ఇరవయ్యారేళ్లు. ఎడమ చెప్పు తెగి,
దాన్ని ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు.
కింద ఎర్ర పట్టీలో: నలభై కోట్ల నీళ్ల దందా.

నేను పప్పుకి తాలింపు పెడుతున్నాను.
ఆవాలు చిటపటలాడి, మాడి, ఊరుకున్నాయి.

మాదాపూర్‌లో మందుల షాపు పైన ఒక గది.
మొదట్లో అన్నీ నిజమే.
నిజమైన ట్యాంకర్లు, నిజమైన మే నెల,
బిందె చంకనెత్తుకుని మూడంతస్తులు దిగే నిజాంపేట ఆడవాళ్లు.
ఫోనులో ఒక్క నొక్కు, గంటలో నీళ్లు.
పదకొండు వందల ఇళ్లు.
అంతే. అక్కడే ఆగిపోయింది.

పెట్టుబడి పెట్టేవాళ్ల కంటికి పదకొండు వందలు ఆనవు.
"ఒక్క సున్నా, అక్కా" అన్నాడు ఓ రాత్రి,
బిర్యానీ పొట్లం రబ్బరు బ్యాండు విప్పుతూ,
"ఎండాకాలానికల్లా అదే నిండుతుంది."
అబద్ధం అనలేదు.
రేపటి దగ్గర చేబదులన్నాడు.

సున్నా వేయడానికి ఎంతసేపు.
దాని లోపల మనుషుల్ని కూర్చోబెట్టాలి.
మనుషులకి పేర్లుండాలి.
రెండు వందలు దాటేసరికి నా బుర్రలో పేర్లు అయిపోయాయి.

అప్పుడు తీశాను బీరువా అడుగు నుంచి
నా పెళ్లి చదివింపుల పుస్తకం.
పసుపంటిన అట్ట. బాబాయి గుండ్రటి చేతిరాత.
గోపతి రాజవ్వ, నూటపదహార్లు:
కొండాపూర్, అయిదు వేల లీటర్లు.
దూడల ఈశ్వరయ్య, స్టీలు బిందె:
మియాపూర్, నెలకి ఆరు ట్యాంకర్లు.
పేరొద్దు బిడ్డా అంటూ పది కాగితం చేతిలో కుక్కి పోయిన
ఒకావిడని బాబాయి "ముసలమ్మ, హనుమకొండ" అని రాసుకున్నాడు.
ఆమెకి నేనే పేరు పెట్టాను.

పోయిన మేనత్త కూకట్‌పల్లిలో బాల్కనీ ఉన్న ఫ్లాటు కొంది.
బతికినన్నాళ్లూ బోరింగు కొట్టి కొట్టి
అరచేతులు కాయలు కాసిన మనిషి.
రోజు విడిచి రోజు ట్యాంకర్ పంపించాను.
ఆ ఒక్కటీ, నిజం చెప్పొద్దూ,
సంతోషంగానే రాశాను.

పుస్తకంలో ఉన్నదే ఆరు వందల మంది.
ఒక్కొక్కరితో పదహారిళ్లలో కాపురం పెట్టించాను.
అక్కడే దొరికాం.
"ఈ రాజవ్వ పదహారు జాగల ఎట్లుంటదిరా?"
అని ఇన్‌స్పెక్టర్ అడిగితే
సుధన్వ అన్నాడట: "లేదు సార్, నేనే పుట్టించిన."
లాయరమ్మ ఫోనులో చెప్పింది.
నా పేరు ఎక్కడా లేదని కూడా చెప్పింది.

అతను మంచివాడని చెప్పడానికి కాదు ఇదంతా.
డ్రైవర్లకి మూడు నెలలు బాకీ పెట్టి
దుబాయ్ ఎగ్జిబిషన్‌లో స్టాలు పెట్టాడు.
ఆ టికెట్లు కొన్నదీ నేనే,
కిటికీ పక్క సీటు చూసి మరీ.

నిన్న మా అపార్ట్‌మెంట్ సంపు ఎండింది.
వాచ్‌మన్ ఎవరినో పిలిచాడు. వచ్చింది యాదయ్య.
ట్యాంకర్ మీద మా పాత నీలం చుక్క
సగం గీకి ఉంది.
నన్ను గుర్తుపట్టాడు. బాకీ మాట ఎత్తలేదు.
"ఇప్పుడు యాప్ గీప్ ఏం లేదమ్మా, చేతికే ఇయ్యుండ్రి"
అని పైపు సంపులోకి దించాడు.

ఇద్దరం నిలబడి విన్నాం.
అయిదు వేల లీటర్లంటే ఎంతసేపో
వేలసార్లు టైపు చేసిన నాకు తెలీదు.
పద్దెనిమిది నిమిషాలు.
మొదట సిమెంటు మీద పగిలే చప్పుడు,
తర్వాత నీళ్లలో నీళ్లు పడే చప్పుడు.
అంచు దాటిన కాసిన్ని
నా కాలివేళ్ల కిందికి వచ్చాయి.

చొక్కా జేబులోంచి నలిగిన పుస్తకం తీశాడు,
మోకాలి మీద పెట్టుకున్నాడు.
"పేరేం రాయాలె?"

పెన్ను విదిలించి
నా మొహంలోకి చూస్తున్నాడు.